ఒడీల్ పతకం మీద సిలువ

ఫిర్మిన్ కోకెలార్‌కు విమానాలంటే గిట్టేది కాదు. బ్రసెల్స్ శివార్లలో హారెన్ మైదానంలో లేచిన విమానం మా మారోల్ పేట కప్పుల మీదుగా పోతుంటే వీధిలో వాళ్ళంతా చేస్తున్న పని ఆపి తలలెత్తేవారు. ఫిర్మిన్ ఒక్కడే నేల చూపులు చూస్తూ, పళ్ళు నూరుకుంటూ నడిచిపోయేవాడు. విమానం వల్ల అతని వాళ్ళెవరికీ ఏ ఆపదా రాలేదు. అతని కసి అంతా ఆ విమానాలు నడిపేవాళ్ళ పేరున చేసే కంచు పతకాల మీద. వాటిని చెక్కేది అతనే మరి.

పద్నాలుగో ఏట ప్లాసార్ గారి పతకాల కార్ఖానాలో ఊడ్చే పనికి చేరి, పాతికేళ్ళు వచ్చేసరికి ఉక్కు మీద అక్షరాలు చెక్కడంలో చేయి తిరిగినవాడయ్యాడు. పతకం పుట్టేది ఉక్కు అచ్చులోంచి. అచ్చులో బొమ్మను తిరగేసి, లోపలికి చెక్కాలి. ఎంత లోతుగా చెక్కితే పతకం మీద అంత ఎత్తుగా లేస్తుంది. పని పూర్తయ్యాక అచ్చును ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు. ఆ తర్వాత దాని మీద ఉలి దిగదు. నేలమాళిగలోని పెద్ద మర ఆ అచ్చును కంచు బిళ్ళ మీద దబ్బున మోదితే పైన దుకాణంలో గాజు తలుపులు గలగలలాడేవి.

పావురాల పందేలకు, బీరు బట్టీల సంఘాలకు, కుక్కల ప్రదర్శనలకు అక్కడ పతకాలు తయారయ్యేవి. వాటి మీది అక్షరాలన్నీ ఫిర్మిన్‌వే. ముఖాలు మాత్రం కావు. ముఖం చేయడం శిల్పుల వంతు. శిల్పి పళ్ళెమంత మట్టిముద్దలో ముఖం మలిచి పంపితే, మర దాన్ని చిన్నది చేసి ఉక్కులోకి దింపేది. మరకు చేతకాని కనురెప్పలూ జుట్టూ ఫిర్మిన్ దిద్దేవాడు. కింద సంతకం శిల్పిది. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. పైకి ఏమీ అనేవాడు కాదు గాని, చర్చిలో పాట పాడుతున్నప్పుడు కూడా ముందు బెంచీలో వాళ్ళ చెవులూ, దవడలూ చూసి మనసులో చెక్కుకుంటూ ఉండేవాడు.

1928లో ఇద్దరు సైనికాధికారులు ఆఫ్రికాలో బెల్జియం ఏలుబడిలో ఉన్న కాంగో దాకా విమానంలో పోయి వస్తామని ప్రకటించారు. అంతకు ముందే కొందరు వెళ్ళారు గాని, ఆ ప్రయాణాలకు వారాలు పట్టాయి. వీళ్ళు రోజుల్లో తేలుస్తామన్నారు. ఊళ్ళో పెద్దలు సన్మాన సంఘం పెట్టారు. వీరులు తిరిగొచ్చిన సాయంత్రమే నగర భవనంలో పతకాలు పంచాలి కనుక వాళ్ళు బయల్దేరే ముందే అవి తయారై ఉండాలన్నారు. శిల్పికి ఇవ్వడానికి సంఘం దగ్గర సొమ్ము లేదు.

ప్లాసార్ గారు ఫిర్మిన్‌ను పిలిచారు. ఆయన గుండ్రటి మనిషి, మాట్లాడుతూ చేతులు తుడుచుకునే అలవాటు.

"రెండు ముఖాలు చెయ్యాలోయ్. పత్రికలో ఫొటోలున్నాయి. నువ్వే చెయ్యి."

"నేరుగా ఉక్కులోనా అయ్యగారూ?"

"మరి దేంట్లో? వెన్నలోనా? కింద నీ పేరే వేసుకో."

ఆ రాత్రి ఫిర్మిన్‌కు అన్నం దిగలేదు. అతని భార్య ఫిలోమెన్ పాత సామాన్ల సంత జరిగే చౌకులో నత్తల బండి పెట్టేది. మిరియాలు ఘాటుగా దట్టించిన పులుసులో ఉడికిన సముద్రపు నత్తలు. నోరు కూడా ఆ పులుసంత ఘాటే.

"ఏమయిందయ్యా నీకు? ఉద్యోగం పోయిందా?"

"ముఖాలు ఇచ్చారు. రెండు."

"ఓస్, అంతేనా! నీ ముఖం చూసి మా అమ్మ పోయిందేమో అనుకున్నాను."

నెల రోజులు కష్టపడ్డాడు. మూడు వందల పతకాలు అచ్చు కొట్టారు. ఒక పక్క ఇద్దరు అధికారుల ముఖాలు, రెండో పక్క ఆఫ్రికా మీద రెక్కలు చాచిన విమానం, చుట్టూ బయల్దేరే ఊరు బ్రసెల్స్, చేరే ఊరు లియోపోల్డ్‌విల్ అన్న అక్షరాలు. నీలం పట్టు వేసిన డబ్బాల్లో సర్దారు. విమానం లేచింది. ఫ్రాన్సులో లియాన్ దాటగానే ఇంజను ఆగి ఎవరిదో ద్రాక్షతోటలో కూలబడింది. అధికారులిద్దరూ గీతలు పడ్డ ముఖాలతో రైలెక్కి తిరిగొచ్చారు. స్టేషన్‌లో వాళ్ళ భార్యలు తప్ప ఎవరూ లేరు. సన్మాన సంఘం చడీ చప్పుడూ లేకుండా మూతపడింది. చేరని ప్రయాణానికి పతకం ఎవరికి కావాలి? మొత్తం కొలిమిలో పోశారు. కరిగించే రోజు ఫిర్మిన్ పక్కనే నిలబడి చూశాడు.

"నువ్విక్కడ ఏం చేస్తావు? వెళ్ళి భోంచేసి రా" అన్నారు ప్లాసార్ గారు.

"ఆకలి లేదు" అన్నాడు ఫిర్మిన్. కంచు కారిపోయేదాకా కదల్లేదు.

రెండేళ్ళకు మరొక జట్టు తయారయింది. ఒక పైలటు, ఒక దారి చూపేవాడు. మళ్ళీ సంఘం, మళ్ళీ సొమ్ము లేదు, మళ్ళీ ఫిర్మిన్. ఈసారి ఇంకా బాగా చెక్కాడు. తీరా బయల్దేరే వారం పైలటు తన కుక్కను కూడా తీసుకుపోతానన్నాడు. దారి చూపేవాడు కుక్క బరువు లెక్కకట్టి కుదరదన్నాడు. నేనో కుక్కో తేల్చుకోమన్నాడు. పైలటు తేల్చుకున్నాడు. ఇంకో దారి చూపేవాణ్ణి పట్టుకొచ్చారు.

"ఆ రెండో ముఖం మార్చెయ్" అన్నారు ప్లాసార్ గారు.

"మార్చడమేమిటి అయ్యగారూ! ఉక్కులో తీసేసింది మళ్ళీ పెట్టగలమా? ఇది మట్టా?"

"అయితే కొత్త అచ్చు చెయ్యి. శనివారానికి కావాలి."

చేశాడు. కళ్ళు వాచిపోయేలా కూర్చుని చేశాడు. శనివారం విమానం హారెన్ మైదానం చివర కంచె దాటలేక దాన్ని గుద్దుకుని తగలబడిపోయింది. మనుషులూ కుక్కా దూకేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు పత్రికలో కుక్క ఫొటో వేశారు. పతకాలు కొలిమిలోకి పోయాయి.

"ఆ కుక్క ముఖం చెక్కి ఉంటే అమ్ముడుపోయేవి కదయ్యా" అంది ఫిలోమెన్. ఫిర్మిన్ కంచం పక్కకు తోసి లేచిపోయాడు. ఆమె నవ్వించాలనే అంది. ఆ మాట అతన్ని వారం దాకా గుచ్చుతూనే ఉంది.

అసలు బాధ అప్పుడు మొదలయింది. హారెన్‌లో మెకానిక్కులు ఎవరన్నారో ఏమో, "కోకెలార్ చెక్కితే కూలినట్టే" అన్న మాట పుట్టింది. ట్రాములెక్కి మారోల్ పేటకు చేరింది. సాయంత్రం బీరు కొట్టుకు పోతే పలకరింపే అది.

"ఫిర్మిన్, మా అత్తగారి ముఖం ఒకటి చెక్కి పెట్టవూ? పుణ్యముంటుంది!"

"మా ఇంటి యజమానిది కూడా! ఎంతైనా ఇస్తాను!"

కొట్టంతా పగలబడి నవ్వేది. అతను గ్లాసు సగంలో వదిలేసి వచ్చేసేవాడు. రెండు పతకాలూ తన చేతుల మీద పుట్టాయి, రెండూ తన కళ్ళెదుట కరిగాయి. పైగా నింద కూడా తనకే. ద్రాక్షతోటలో ఇంజను ఆపింది తనా? కంచె కట్టింది తనా? ఎవరితో చెప్పుకోవాలి?

1933లో ఒడీల్ బ్రిషార్ వచ్చింది. వెర్వియే ఊళ్ళో ఉన్ని మిల్లు వాళ్ళమ్మాయి, ముప్ఫై నిండలేదు, ఒక్కతే విమానం నడుపుకుంటూ కాంగోకు పోతానంది. సన్మాన సంఘం వాళ్ళు పతకం బయానా ఇస్తూ ప్లాసార్ గారికి ఒకే షరతు పెట్టారు. కోకెలార్ చేయి పడకూడదు. ప్లాసార్ గారు ఆ పని తన మేనల్లుడు లూసియెన్‌కు ఇచ్చారు. ఫిర్మిన్ అక్షరాలు కూడా చెక్కలేదు. పక్క బల్ల మీద పావురాల పందెం పతకానికి తోకలు దిద్దుతూ కూర్చున్నాడు.

ఒక మధ్యాహ్నం తలుపు విసురుగా తెరుచుకుంది. తోలు కోటు వేసుకున్న పొడుగాటి అమ్మాయి, చేతిలో లూసియెన్ చేసిన నమూనా.

"ఇదెవరండీ? బిషప్పు గారా?"

ప్లాసార్ గారు చేతులు తుడుచుకున్నారు.

"కొంచెం గంభీరంగా ఉండాలని..."

"గంభీరంగా లేదు, పళ్ళు నొప్పెట్టినట్టుంది. నేను పోతానో ఉంటానో తెలీదు గాని, వందేళ్ళపాటు ఈ ముఖంతో మాత్రం ఉండను. విమానాలు కూల్చేస్తాడట, ఆయనెవరు?"

పనివాళ్ళంతా పక్క బల్ల వైపు తలలు తిప్పారు. ఫిర్మిన్ ఉలి కింద పెట్టాడు.

"నేనేనండీ."

"మీరు చేసినవి కరగక ముందు ఒకాయన దగ్గర చూశాను. మనుషుల్లా ఉన్నారు. నాది మీరు చెయ్యాలి."

"నేను చెయ్యను అమ్మాయిగారూ."

"భయమా?"

"విసుగు. మీరు పడిపోతారు, లేదా సగంలో తిరిగొస్తారు, లేదా కుక్కను తెస్తారు. నా పని కొలిమిలోకి పోతుంది. పేటంతా నన్ను చూసి నవ్వుతారు. మీరు వెళ్ళి రండి. వచ్చాక చేస్తాను."

"రాకపోతే?"

"రాకపోతే పతకం దేనికి?"

ఆమె గట్టిగా నవ్వింది. "బాగుంది. ముఖం ఇప్పుడు చెయ్యండి. తేదీ నేను చేరాక వెయ్యండి. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాడు. తేదీ కోసం ఖాళీ ఉంచి, అచ్చును గట్టిపరచకుండా అట్టే పెట్టాలని మాట. ప్లాసార్ గారు సణిగారు. అడిగినావిడ తండ్రి ఉన్ని మిల్లు గుర్తొచ్చి ఊరుకున్నారు.

ఫొటో కాకుండా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం చేయడం ఫిర్మిన్‌కు అదే మొదటిసారి. ఆమె కూర్చుంటే కదా! కిటికీలోంచి మబ్బులు చూసేది, సిగరెట్టు వెతుక్కునేది, లేచి మర దగ్గరకు పోయేది.

"తల తిప్పకండి!"

"మెడ పట్టేసింది."

"కాంగో దాకా మెడ తిప్పకుండా పోవాలిగా!"

"అక్కడ మీరు ఉండరుగా అరవడానికి."

ఆమె ఒక్కచోట నిలిచేది ఫిలోమెన్ బండి దగ్గరే. మూడేసి గిన్నెలు నత్తలు తినేది, పులుసు తాగేసేది. ఫిర్మిన్ బండి పక్కన స్టూలు వేసుకుని అక్కడే గీసుకున్నాడు. ఫిలోమెన్‌కు ఆ పిల్ల తెగ నచ్చేసింది. "అక్కడ తిండి దొరుకుతుందో లేదో, తినమ్మా" అని ఇంకో గరిటె వేసేది. ముఖం బాగా వచ్చింది. గాలికి కళ్ళు చిట్లించి, నవ్వబోయి ఆపుకున్నట్టు. ఇన్నేళ్ళలో ఫిర్మిన్ తను చేసిన పని చూసుకుని తృప్తిపడ్డది ఆ ఒక్కసారే.

ఒడీల్ వెళ్ళింది. పత్రికల్లో రోజూ ఒక చిన్న ముక్క. ఒరాన్ చేరింది. ఎడారి దాటింది. నియామే చేరింది. ఫిర్మిన్ ఎవరూ చూడకుండా పత్రిక కొనుక్కుని కార్ఖానా దొడ్లో చదివేవాడు. బీరు కొట్టులో వాళ్ళు కూడా నోళ్ళు కట్టేసుకున్నారు. తర్వాత ఒకరోజు ఏ ముక్కా లేదు. మర్నాడూ లేదు. చాద్ సరస్సు దగ్గర తుఫానట, తర్వాత దిగాల్సిన ఫోర్ట్-లామీకి చేరలేదట. ఫ్రెంచి వాళ్ళ విమానాలు వెతికాయి. చిత్తడి నేలల్లో ఏమీ కనిపించలేదు. రెండు వారాలకు పత్రికలు నల్ల గీతల మధ్య ఆమె ఫొటో వేశాయి.

ఆ ఉదయమే ప్లాసార్ గారు ఫిర్మిన్‌ను పిలిచారు. బల్ల మీద ఒడీల్ అచ్చు ఉంది.

"పాపం, బంగారంలాంటి పిల్ల" అన్నారు. "సంఘం వాళ్ళు స్మారక పతకం అంటున్నారు. తేదీ చోట సిలువ వెయ్యి. అచ్చు ఇంకా మెత్తగానే ఉంది, అదృష్టం."

"ఆమె పోయిందని ఎవరు చెప్పారు?"

"పత్రికలో చూడలేదా?"

"కనబడలేదన్నారు. శవం చూశారా ఎవరైనా?"

"ఫిర్మిన్, చిత్తడిలో శవాలు కనబడతాయా? దేశమంతా ఏడుస్తోంది. ఈ వారంలో కొంటారు, వచ్చే నెలకు మర్చిపోతారు. చెయ్యి."

"చెయ్యను."

"ఏమిటి?"

"అది తేదీ వెయ్యాల్సిన చోటు. నేను మాటిచ్చాను. సిలువ వెయ్యను."

ప్లాసార్ గారి చేతులు తుడుచుకోవడం ఆగిపోయింది. "నలభై ఏళ్ళుగా నా తండ్రి దగ్గరా నా దగ్గరా తిండి తిన్నావు. ఆ తలుపు దాటితే మళ్ళీ రావద్దు."

ఫిర్మిన్ తన ఉలులు గుడ్డలో చుట్టుకున్నాడు. అచ్చు వైపు చెయ్యి చాచాడు గాని ప్లాసార్ గారు దాని మీద అరచెయ్యి వేసి నిలబడ్డారు. అది కార్ఖానా సొత్తు. తలుపు దాటాక గాని ఫిర్మిన్‌కు తట్టలేదు. గట్టిపరిచి ఉంటే ఎవడి ఉలీ దిగేది కాదు. ఆమె కోసం మెత్తగా ఉంచింది తనే. దారి పొడుగునా అదే మాట తలలో తిరిగింది. ఇల్లు దాటి రెండు వీధులు ముందుకు పోయి మళ్ళీ వెనక్కి నడిచాడు.

సిలువ లూసియెన్ చెక్కాడు. పతకం విరగబడి అమ్ముడుపోయింది. మూడు వందలు కాదు, వేలు. సెయింట్ గుడులా చర్చిలో ఆమె ఆత్మశాంతికి ప్రార్థన చేసిన రోజున మెట్ల మీద అమ్మారు. పొగాకు కొట్లో అమ్మారు. ట్రాము కండక్టర్లు కోటుకు తగిలించుకున్నారు. ఫిర్మిన్ చెక్కిన ముఖం మొట్టమొదటిసారి జనం చేతుల్లోకి వచ్చింది, అతను ఒప్పుకోని సిలువతో. కింద పేరు కూడా అతనిదే. ఒకసారి ఉక్కులో దిగిన పేరును లూసియెన్ మాత్రం ఎలా తీసేస్తాడు?

"అద్భుతంగా చేశావయ్యా ఫిర్మిన్! చూస్తుంటే కన్నీళ్ళొచ్చాయి" అన్నారు బీరు కొట్టులో, భుజం తడుతూ. అంతకు ముందు నవ్వినవాళ్ళే. అతను గ్లాసు సగంలో వదిలేసి వచ్చేశాడు.

ఒక సాయంత్రం ఇంటికొస్తే ఫిలోమెన్ శాలువాకు అదే పతకం.

"తీసెయ్ దాన్ని."

"ఎందుకు తియ్యాలి?"

"ఉద్యోగం ఎందుకు పోగొట్టుకున్నానో తెలిసి కూడా ఆ చెత్త కొన్నావా?"

"నువ్వు మొండికేశావు, సరే. మూడేసి గిన్నెలు తిన్న పిల్ల నా బండి దగ్గర. నేను ఏడవకూడదా? ఏడవడానికి కూడా నీ అనుమతి కావాలా?" ఫిలోమెన్ ముఖం ఎర్రబడింది. "ఆ ముఖం నువ్వే చేశావు కదయ్యా. ఆ పిల్లది నా దగ్గర ఉన్నది ఇదొక్కటే."

ఆ రాత్రి ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇంటి కిటికీ దగ్గర బల్ల వేసుకుని తలుపులకు తగిలించే ఇత్తడి పలకలు చెక్కడం మొదలుపెట్టాడు. దంతవైద్యుడు, రెండో అంతస్తు. గంట కొట్టండి. కుక్క ఉంది జాగ్రత్త. ఇలాంటివి.

శరదృతువు వానలు మొదలయ్యాక తంతి వచ్చింది. ఒడీల్ బ్రిషార్ బతికే ఉంది. చిత్తడిలో దిగబడిన విమానంలోంచి ఆమెను జాలర్లు తీసి పడవలో తమ దీవికి తీసుకుపోయారు. విషజ్వరంతో వారాల తరబడి ఒళ్ళెరగకుండా పడి ఉంది. లేచాక పడవ మీదా గుర్రం మీదా ప్రయాణం చేసి ఒక ఫ్రెంచి ఠాణాకు చేరింది. అక్కడినుంచి తంతి.

ఫిలోమెన్ గరిటె పారేసి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "ఫిర్మిన్! పిల్ల బతికుందయ్యా!" మెట్ల మీదే కూర్చుని ఏడ్చేసింది. ఫిర్మిన్ ఇత్తడి పలక పక్కన పెట్టి, "చెప్పానా లేదా?" అన్నాడు. "చెప్పానా లేదా నేను!" సంతోషించాల్సిన మాటే. కాని నోట్లోంచి తగాదాలా వచ్చింది.

తిరిగొచ్చిన ఒడీల్‌కు విమానాల క్లబ్బులో విందు చేశారు. ఫిర్మిన్‌కూ పిలుపు వచ్చింది. పాత సూటు వేసుకుని, ప్లాసార్ గారికి దూరంగా ఒక మూల నిలబడ్డాడు. ఒడీల్ లోపలికి వచ్చింది. చిక్కి సగమైంది, జుట్టు కత్తిరించేశారు. గౌను మీద సిలువ పతకం పెట్టుకుంది. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది.

"నా చావు నాకు బాగా నప్పింది కదూ!" అంది గ్లాసెత్తి. మళ్ళీ నవ్వులు, చప్పట్లు. ప్లాసార్ గారు అందరికన్నా గట్టిగా నవ్వారు.

ఫిర్మిన్‌కు ఒళ్ళు మండిపోయింది. జనాన్ని తోసుకుంటూ ఆమె ముందుకు పోయాడు.

"అమ్మాయిగారూ, అది తీసెయ్యండి."

"అరె, ఫిర్మిన్ గారూ! ముఖం చాలా బాగా చేశారు. బిషప్పు కాదు."

"సిలువ నాది కాదు. మీరు చేరాక తేదీ వేస్తానన్నాను. నేను వెయ్యలేదు. దానికోసమే నా పని పోయింది. మీరు దాన్ని పెట్టుకుని నవ్వుతున్నారు."

చుట్టూ ఉన్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. ఆమె నవ్వు సగంలో నిలిచిపోయింది. ఏదో అనబోయింది, ఇంతలో ఎవరో వచ్చి భుజం మీద చేయి వేసి తీసుకుపోయారు. ఫిర్మిన్ టోపీ తీసుకుని వచ్చేశాడు. ట్రాములో కూర్చున్నాక, పండగ రోజున మనిషి సంతోషం చెడగొట్టానని తన మీద తనకే కోపం వచ్చింది. అలాగని తనన్న దాంట్లో తప్పేమిటో కూడా తోచలేదు.

పది రోజులకు ఒడీల్ ఇంటికి వచ్చింది. మెట్లెక్కేసరికి ఆయాసపడింది. ఫిలోమెన్ ఆమెను చూసి, "ఇదేం రూపమమ్మా, ఎముకల గూడు!" అని వంటింట్లోకి పరుగెత్తింది. ఒడీల్ బల్ల మీద ఒక పతకం పెట్టింది.

"ఇది మా అమ్మది. దిండు కింద పెట్టుకుని పడుకుంది అన్ని వారాలూ. నేను ఇంటికెళ్ళాక కూడా తీసెయ్యలేదు. ఏమిటమ్మా ఇది, నేనొచ్చాగా అంటే, అలవాటైందే, చెయ్యి దానంతట అదే వెళ్తోంది అంది." పతకాన్ని అతని వైపు జరిపింది. "క్లబ్బులో నవ్వాను గాని, అక్కడ నవ్వు రాలేదు. ఆ సిలువ తీసెయ్యగలరా?"

పతకం మీద సిలువ ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక ఆకురాయితో అరగదీసెయ్యొచ్చు. ఫిర్మిన్ దాన్ని బిగించి, వెలుగులోకి తిప్పుకుని అరగదీయడం మొదలుపెట్టాడు. సిలువ పోయింది గాని చోటు నున్నగా రాలేదు. ఎంత రుద్దినా ముఖం పక్కన మసకగా ఒక గుంట మిగిలింది. ఇంకా రుద్దితే చెంపకు తగులుతుంది. విసుక్కున్నాడు.

"ఇంతకంటే రాదు. అచ్చు దగ్గరే ఆపి ఉండాల్సింది."

"చాలు" అంది ఆమె. "తేదీ వేస్తారా?"

"ఏ తేదీ? లియోపోల్డ్‌విల్ చేరలేదుగా మీరు."

ఆ ముక్కకు ఆమె నిజంగా నవ్వింది, పాతరోజుల్లోలా. "చేరలేదు. నిజమే. అలాగే ఉంచండి."

ఫిలోమెన్ గిన్నె తెచ్చింది. ఒడీల్ రెండు నత్తలు తిని వదిలేసింది. జ్వరం తర్వాత పొట్ట ఇమడ్చుకోవడం లేదట. ఫిలోమెన్ తన శాలువా పతకం తీసి మొగుడి ముందు పడేసింది. "దీనిది కూడా తీసెయ్. ముందే చెప్తే తీసేదాన్నిగా."

"చెప్పాను!"

"అరిచావు. చెప్పలేదు."

ఈ సంగతి పేటలో పాకింది. ఒకరిద్దరు తమవీ తెచ్చారు. నర్సు ఒకామె, హారెన్ మెకానిక్కు ఒకడు. ఫిర్మిన్ సిలువలు అరగదీసి ఇచ్చాడు. మిగతా వేలమంది తేలేదు. సిలువ ఉన్నదే ముచ్చటగా ఉందని సొరుగుల్లో పెట్టుకున్నారు. ప్లాసార్ గారు ఫిర్మిన్‌ను మళ్ళీ పనిలోకి తీసుకోవడం గురించి నోరెత్తలేదు. ఒడీల్ మళ్ళీ కాంగోకు పోలేదు. జ్వరాలు తిరగబెడుతూ ఉండేవి. వెర్వియే దగ్గర పల్లెలో ఇల్లు తీసుకుని చుట్టుపక్కల పిల్లలకు ఎగరడం నేర్పింది, తర్వాత కళ్ళు మందగించి అదీ మానేసింది.

రెండో యుద్ధం అయిపోయాక, ఫిర్మిన్ డెబ్బయ్యోపడిలో ఉండగా, చౌకులో పాత సామాన్ల మధ్య నడుస్తూ ఒక దుకాణం ముందు ఆగాడు. పాత పతకాలు అమ్మే యువకుడు గుడ్డ మీద ఒడీల్ పతకాలు రెండు పరిచి ఉంచాడు. ఒకటి సిలువతో, ఒకటి గుంటతో. గుంటది పక్కకు నెట్టేసి ఉంది.

"అదెంత?" అని అడిగాడు ఫిర్మిన్.

"అది మీకెందుకు తాతా, పాడైంది. ఎవడో చేతకానివాడు సిలువ గీకేశాడు. ఇది తీసుకోండి, నిక్షేపంలా ఉంది. దీనికే ధర."

"గీకింది నేను."

యువకుడు ఎగాదిగా చూశాడు. "ఎందుకు?"

"ఆవిడ చావలేదు గనక."

"అవునా? తర్వాత?"

"తర్వాతేముంది! ఇప్పటికీ బతికే ఉంది. కోళ్ళు పెంచుతోంది. క్రిస్మస్‌కు మాకు గుడ్లు పంపింది."

"మంచిదే" అన్నాడు యువకుడు. "కాని తాతా, కొనేవాళ్ళు సిలువ ఉన్నదే అడుగుతారు. నేనేం చెయ్యను?"

నిక్షేపంలా ఉన్నది అబద్ధమనీ, పాడైందే నిజమనీ ఇతనికి ఎలా చెప్పాలా అని ఫిర్మిన్ మాటలు వెతుక్కున్నాడు. ఇంతలో ఎవరో ఒక జంట వచ్చి సిలువ పతకం చేతిలోకి తీసుకుని "పాపం, ఎంత చిన్నపిల్లో!" అన్నారు. ఫిర్మిన్ పక్కకు నెట్టేసిన పతకాన్ని తీసి చూపుడువేలితో గుంటను తడిమాడు. సిలువదాని ధరలో సగానికే ఇస్తానన్న యువకుడి చేతిలో డబ్బు పెట్టాడు.

ఇంటికెళ్ళి దాన్ని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఆకురాయి అందుకున్నాడు. ఆ గుంటను ఇంకొంచెం నున్న చేయొచ్చేమో చూద్దామని. అక్కడినుంచే వంటింట్లోకి కేకేశాడు:

"ఫిలోమెన్! దీపం ఇటు తీసుకురా. ఏమీ కనబడి చావడం లేదు!"